నోటిమీద వేలు

మా చీరాల నేతవీధిలో వెంకటరావమ్మ వదినని మెచ్చుకోని నూలిచ్చే షావుకారు లేడు. వీధిలో పాతిన కర్రల చుట్టూ తిరుగుతూ, చీరకి కావాల్సిన నిలువు పోగులన్నీ లెక్కగా చుట్టి పడుగు పోసేది. ఎన్ని వందల పోగులైనా లెక్కంతా బుర్రలోనే. ఆ లెక్క నడుస్తున్నంతసేపూ ఎవరూ పలకరించకూడదని మా వీధి కట్టుబాటు. పలకరిస్తే లెక్క చెదిరి పడుగు పాడవుతుందని భయం. మా కట్టుబాటు తగలెయ్య!

పంతొమ్మిది వందల యాభై ఎనిమిది, ఎండాకాలం. వదిన పడుగు పోస్తోంది. ఎదురరుగు మీద నేను నూలు కండెలు చుడుతున్నాను. ఆమె మొగుడు రోశయ్యన్న మగ్గం దిగి, గుండె పట్టుకుని బయటికొచ్చి అరుగు మీద కూలబడ్డాడు. ఒళ్లంతా చెమట. నేను లేవబోతే నోటిమీద వేలు పెట్టుకుని వదిన వైపు చూపించాడు. లెక్కలో ఉంది, పిలవొద్దని. నేను నోరు మూసుకుని కూర్చున్నాను. ఆ కూర్చున్నందుకు నన్ను చెప్పుతో కొట్టినా పాపం లేదు. వదిన అతని ముందు నుంచే ఎన్నోసార్లు అటూ ఇటూ నడిచింది.

చివరి పోగు వేసి తిరిగి చూసేసరికి అన్న గోడకి ఒరిగిపోయి ఉన్నాడు. ప్రాణం లేదు. పడుగులో మాత్రం ఒక్క పోగు తప్పలేదు. దాంతో చీరలు నేశారు, ఎవరో కట్టుకున్నారు కూడా.

పెద్దకర్మ అయ్యాక, తన లెక్కనే తిట్టుకుంటున్న వదినని షావుకారు చలమయ్య ఓదార్చడానికొచ్చాడు. "లెక్క చేసిన తప్పేముందమ్మా? అదేమన్నా మనిషా, పాపం అంటడానికి?" అన్నాడు.

వదిన భగ్గుమంది. "నా కళ్లు ఆయన్ని చూశాయండీ. ఆ చెమటా చూశాయి. లోపల కూర్చుని లెక్కపెట్టేది ఉందే, అది నన్ను చూడనివ్వలా. నా అన్నం తింటా, నా మొగుడు చస్తుంటే నూట నలభై, నూట నలభై ఒకటి అంటా కూర్చుంది! దానికి పాపం లేదా? పోనీ, మెచ్చుకుని మెచ్చుకుని దాన్ని పెంచారే, మీకూ లేదా?"

"సర్లే అమ్మా, మళ్లీ పని ఎప్పుడు మొదలెడతావు?" అన్నాడు చలమయ్య. అందుకే వచ్చాడు మహానుభావుడు!

మొదలెట్టింది, పొట్ట గడవాలిగా. అయితే ఈసారి పక్కన చింతగింజల చట్టి పెట్టుకుంది. పోగుకో గింజ తీసి అవతల వేసేది. పని సగానికి సగం పడిపోయింది.

"అంత బుర్ర పెట్టుకుని ఈ గింజలేంటి?" అని చలమయ్య అరిచాడు.

"లెక్క గింజలు చూసుకుంటాయి, నేను మనుషుల్ని చూసుకుంటా. ఇష్టం లేకపోతే నూలు పట్టుకుపోండి!"

పట్టుకుపోయాడు. ఆ తర్వాత ఆమె తక్కువ పోగులుండే తువ్వాళ్ల పడుగులతోనే బతికింది.

ఒకనాడు ఆమె గింజలు వేస్తుండగా, నాకేమనిపించిందో, ఎదురరుగు మీంచి "వదినా!" అన్నాను. పోగు వదిలేసి వెంటనే తిరిగింది.

"ఏందే?"

"ఏం లేదొదినా. ఊరికే."

"మళ్లీ పిలువు," అంది. "గట్టిగా పిలువు. ఆ రోజు పిలవాల్సినంత గట్టిగా."