లిథియం రేకు దాచిన లోటు

జమ్మలమడుగు కాలేజీ ల్యాబులో నేను తయారుచేసిన చిన్న బ్యాటరీ సెల్, ఛార్జింగులో లిథియం చేరే ఆనోడ్‌ను సిలికాన్‌తో చేసినది, నెలల తరబడి ఛార్జింగులు తట్టుకుంది. ప్రొద్దుటూరులో బ్యాటరీ ఆటో నడిపే మా అన్నకు సంబరంగా చెప్పాను.

"నా ఆటోలో పెట్టినా ఇట్లే పనిచేస్తాదా?" అన్నాడు.

నా సెల్‌లో రెండోవైపు మందపాటి లిథియం రేకు ఉంది. సిలికాన్ ఉబ్బి, పగిలి ఎంత లిథియం పోగొట్టినా ఆ రేకు లోటు పూడుస్తుంది. ఆటో బ్యాటరీలో అంత మిగులు ఉండదు.

రేకు బదులు మామూలు బ్యాటరీల్లో వాడే, లిథియం కొలతగానే ఉండే కాథోడ్ పెట్టి మళ్లీ పరీక్షించాను. రెండు వారాలకే సగం సామర్థ్యం పోయింది.

నా పరిశోధనకు గైడ్ అయిన మేడమ్‌కు రెండు గ్రాఫులూ చూపించి, మొదటిదే పరిశోధన పత్రికకు పంపుదామా అని అడిగాను. అలా అడిగినందుకు ఇప్పటికీ సిగ్గుపడతాను.

"రెండోదే ముందర రాయప్పా. మొదటిది ఎందుకట్ల వచ్చిందో కింద చెప్పు," అన్నారామె.

అలాగే రాశాను. రెండు వారాలకే సగం పోయే సెల్ ఫలితం చాలదని ఆ పేపరును రెండు పత్రికలు తిప్పి పంపాయి.