మోటరు వైండింగ్, పేట

గరిడేపల్లి దగ్గర మా అక్కావాళ్ల బావి మోటరు కాలిపోయిన రోజు నేను అక్కడే ఉన్నాను. అప్పట్లో సూర్యాపేటలో ఉంటూ పత్రికకు వార్తలు రాసేవాణ్ణి. సెలవు దొరికితే వెళ్లాను. వరి పొట్టమీద ఉంది. ఆ దశలో నీళ్లు తప్పితే కంకి తెల్లగా, తాలుగా బయటికి వస్తుంది. చివరి మడిలో అప్పటికే నెర్రెలు కనిపిస్తున్నాయి.

మోటరు కాలితే బావ ఎప్పుడూ మిర్యాలగూడకే తీసుకుపోయేవాడు. అక్కడి షాపతను ఇంట్లో పెళ్లని తాళం వేసుకుని పోయాడు. వేరే షాపు నంబరు బావ దగ్గర లేదు. మోటరును ఆటోలో వేసుకుని ఊరూరా వెతికే తీరిక లేదు.

ఆ రోజుల్లో ఒక సదుపాయం ఉండేది. ఏ షాపు కావాలో, ఏ ఊళ్లోనో ఇంగ్లిష్ అక్షరాల్లో రాసి ఒక నంబరుకు మెసేజ్ పెడితే, కాసేపటికి ఆ ఊరి షాపుల ఫోన్ నంబర్లు మెసేజ్‌గా వచ్చేవి. పైసా ఖర్చు లేదు. మా ఆఫీసులో వాడేవాళ్లం. బావకు చెప్పాను.

“ఎవడన్న ఊకె ఇస్తడా బామ్మర్దీ? గిది గూడ నీ పేపర్ల వార్త లెక్కనేనా?”

“పంపి సూడు బావా. పొయ్యేదేమున్నది?”

ఆయనే ఒక్కో అక్షరం వెతికి కొట్టాడు: మోటరు వైండింగ్, పేట. సూర్యాపేటను మా వైపు అందరూ పేట అనే అంటారు. పంపేముందు నేనూ చదివాను, అందులో తప్పేమీ తోచలేదు.

నంబరు వచ్చింది. బావ స్పీకర్ పెట్టి మాట్లాడాడు.

“అన్నా, మోటరు కాలింది. ఇప్పుడు తెస్తే రేపటికి అయితదా?”

“తీసుకురండి, చేసేద్దాం. ఎక్కడినుంచండీ?”

“గరిడేపల్లి.”

“అదెక్కడండీ?”

“పేటల ఉండి గరిడేపల్లి ఎరుకలేదా? ఏం షాపయ్యా నీది!”

“ఏ పేటండీ? మాది చిలకలూరిపేట.”

బావ నా వైపు చూశాడు. “పేటంటే పేటనే గదా,” అన్నాడు గొంతు తగ్గించి.

“మాకూ అంతేనండి,” అని అవతలాయన నవ్వాడు. “మీది సూర్యాపేటై ఉంటుంది. పేరు పూర్తిగా రాయండి. పంట ఏ దశలో ఉందండీ?”

“పొట్టమీదున్నది.”

“అయితే నాతో మాట్లాడుతూ కూర్చోకండి,” అని పెట్టేశాడు.

ఈసారి పేరు పూర్తిగా కొట్టి పంపాం. సూర్యాపేట షాపతను ఎత్తీ ఎత్తగానే, లో వోల్టేజీకి ఊళ్లన్నీ మోటర్లు కాల్చుకున్నాయనీ, వారం దాకా కొత్తది ముట్టుకోలేననీ చెప్పాడు. ఇక కోదాడ అని పంపాం. వచ్చిన నంబరు కలిసింది.

“తెచ్చెయ్యండి. రేపు మధ్యాహ్నానికి ఇచ్చేస్తా,” అన్నాడతను.

“ఏ కోదాడ అన్నా?” అన్నాడు బావ.

“ఏ కోదాడేందయ్యా? ఎన్ని కోదాడలున్నయ్?”

“ఏమో. జర అడిగి పెట్టుకుంటున్న.”

లోపలి నుంచి అక్క నవ్వడం వినిపించింది. బావ నవ్వలేదు. ఆటో కోసం రోడ్డు మీదికి పోయాడు.

మరునాడు సాయంత్రానికి మోటరు బిగించారు. నీళ్లు మొదటి మడి నిండి రెండోదాంట్లోకి దిగేదాకా బావ గట్టు మీదే ఉన్నాడు. చివరి మడి మాత్రం దక్కలేదు. కంకులు తెల్లగా వచ్చాయి.

కోతల ముందు బావకు ఒక ఫోన్ వచ్చింది. ఆ రోజూ నేను అక్కడే ఉన్నాను.

“పేట నుంచండి. అప్పుడు నీళ్లు అందాయా?”

ఏ పేట అని బావ అడగలేదు.

“అందినయన్నా. ఒక్క మడి పొయ్యింది,” అన్నాడు.