ఫోనులో వినబడని దగ్గు

శనివారం ఉదయం ఆరింటికి విజయవాడలో రైలెక్కాను. మా సుగుణక్క సికింద్రాబాద్‌లో టీచరుగా రిటైరై, పద్మారావు నగర్‌లో ఒక్కతే ఉంటోంది. ఏడాదిగా వెళ్ళలేదు. ప్రతి ఆదివారం చర్చి నుంచి రాగానే వీడియో కాల్‌లో మాట్లాడుకుంటాం కదా, చూసినట్టేననుకున్నాను. ఈసారి మా స్కూలుకు నాలుగు రోజుల సెలవులు కలిసొచ్చాయి.

ఖమ్మంలో ఇడ్లీ తింటుంటే పక్కసీటు పెద్దావిడ, "మీ అక్క ఆరోగ్యం బాగుంటదా బిడ్డా?" అంది.

"ఆవిడకేమండీ, ఫోన్లో నాకంటే నిగనిగలాడుతుంది" అన్నాను.

పన్నెండున్నరకు దిగి ఆటో ఎక్కాను. తలుపు తీసిన మనిషిని ఒక్క క్షణం పోల్చుకోలేకపోయాను. కళ్ళకింద నలుపు, ఎముకలు తేలిన భుజాలు. "రావే" అంటూనే అక్క గోడ పట్టుకుని దగ్గసాగింది.

"ఎన్నాళ్ళ నుంచే ఇది?"

"రెండు నెలలు. ఫోన్లో వింటూనే ఉన్నావుగా!"

"ఒక్కసారి కూడా వినలేదక్కా."

అక్క నమ్మలేదు. పై వాటాలో ఉండే శ్రీకాంత్‌ను పిలిచింది. అతను నెట్‌వర్క్ ఇంజనీరు.

"వీడియో సీదా మీకు రాదాంటీ. నడుమల నెట్‌వర్క్‌లనే కంప్యూటర్లుంటయ్. మాట పోతుండంగనే చప్పుళ్ళు తీసేస్తయ్, ముఖం జెర తెల్లగ చేస్తయ్. దగ్గు సుత చప్పుడే అనుకున్నట్టుంది."

అక్కను వంటింట్లో కూర్చోబెట్టి నాకు కాల్ చేయించాడు. గోడ అవతల దగ్గు స్పష్టంగా వినిపిస్తోంది. ఫోన్లో మాత్రం అక్క నోరు తెరుచుకుంటోంది, మూసుకుంటోంది. చప్పుడే లేదు. ముఖం మెరిసిపోతోంది. ఫోను తీసుకెళ్ళి అక్కకు చూపించాను.

వంటింట్లోంచి వచ్చి అక్క కుర్చీలో కూలబడింది. "విని కూడా అడగవేంటే అని మనసు కష్టపెట్టుకున్నాను. అందుకే నేనూ చెప్పలేదు."

మూడింటికల్లా ఆసుపత్రిలో ఉన్నాం. ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరిందన్నారు. క్షయ కాదని తేలింది. నీరు తీసి, మందులిచ్చి, ఇంకొంచెం ఆలస్యమైతే ప్రాణం మీదికొచ్చేదన్నాడు డాక్టరు.

మంగళవారం సాయంత్రం నాలుగింటి రైలుకు, డాక్టరు సరేనన్నాక, అక్కను వెంటబెట్టుకుని విజయవాడ బయల్దేరాను. ఒక పగటి ప్రయాణమంత దూరంలో ఉన్న మనిషిని ఏడాదిపాటు బొమ్మలో చూసి తృప్తి పడ్డందుకు దారంతా సిగ్గేసింది. వరంగల్ దగ్గర అక్కకు దగ్గు వచ్చింది. ఎదుటివాళ్ళు చూస్తున్నారని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఆపుకోబోయింది.

వీపు మీద చెయ్యి వేశాను.

"ఆపుకోకక్కా. వింటున్నాను."