గోడవైపు తిప్పిన బోర్డు

మా అమ్మాయి బండికి చప్పుడుండదు. తాళం తిప్పితే ముందు చిన్న పచ్చ దీపం వెలుగుతుంది, అంతే. అంగళ్ళతో కిక్కిరిసిన మా చిక్కపేటలో చప్పుడు చెయ్యనిదంటూ మరొకటి లేదు కాబట్టి, కొన్న కొత్తలో మా వీధి కూలీలు నెత్తిన మూటలతోనే ఆగి దాన్ని చూసేవారు. "ఏమప్పా, ఇది పోతా ఉండాదా, నిలబడి ఉండాదా?" అని మా ఆయన్ని ఆటపట్టించేవారు. కరెంటుతో నడిచే ఆ స్కూటరుకు గేర్లు లేవు, కిక్కు కొట్టే పని లేదు, లైసెన్సు అక్కర్లేదు. కాళ్ళలో బలం చాలని పిల్ల పియుసి, అంటే ఇంటర్, కాలేజీకి పోవడానికి అంతకన్నా ఏం కావాలి? ఏడాదిన్నర నడిపింది. తర్వాత హ్యాండిలు తిప్పడానికి మణికట్టు కూడా రాలేదు. బండి మెట్ల కింద చేరింది, పిల్ల చక్రాల కుర్చీలో చేరింది.

కండరాలు కొంచెం కొంచెంగా కరిగిపోయే జబ్బు అది. హైదరాబాదులో పెద్ద డాక్టరు మమ్మల్ని అడిగిన మొదటి ప్రశ్న, "సొంతంలో చేసుకున్నారా?" అని. అవును, నేను చేసుకున్నది మా అమ్మ తమ్ముణ్ణే. మా ఇళ్ళల్లో ఆడపిల్ల పుడితే "మేనమామకు పెళ్ళాం పుట్టింది" అని పురిటి గదిలోనే అనేస్తారు. మా ఇద్దరి రక్తంలోనూ దాగి ఉన్నది బిడ్డలో బయటపడిందని డాక్టరు చెప్పాడు. మందు లేదు, వెతుకుతున్నాం అన్నాడు. వెతకడానికి డబ్బు కావాలి, అంతకంటే ఇలాంటి కుటుంబాల వాళ్ళు వచ్చి రక్తం ఇవ్వాలి, ఎవరూ రారు అన్నాడు. "మీ అమ్మాయికి అందకపోవచ్చమ్మా" అని కూడా అన్నాడు. నాకు ముక్కుమీద కోపం. ఆ రోజు ఆయన మీద కోపం, ఈ పెళ్ళి కుదిర్చి చచ్చిపోయిన మా అవ్వ మీద కోపం, ఇంటికొచ్చాక అన్నం గిన్నె మీద కోపం. కోపం చల్లారాక మెట్ల కింద బండి కనిపించింది.

రెండు వేల సంవత్సరం దాటి ఏడెనిమిదేళ్ళయిన రోజులవి. ఆ బండి మీద ఒంటరిగా హైదరాబాదు దాకా పోతాను, దారిలో పరిశోధనకు చందా అడుగుతాను అన్నాను. "నలభై అయిదేండ్లకు నీకు ఇదేం పిచ్చే?" అన్నాడు మా ఆయన. అని, ఊరుకోలేదు, రెండు వారాలు పొద్దున్నే అంగడి తెరవకముందు వెనక పరిగెత్తి నాకు బండి నేర్పాడు. బోర్డు మా అమ్మాయి రాసింది. బ్రష్షు పట్టుకున్న కుడి చేతిని ఎడమ చేత్తో మోస్తూ, నాలుగు రోజులు, తెలుగులోనూ కన్నడంలోనూ రాసింది: "ఇది మా ఇంటి జబ్బు. మందు వెతికేవాళ్ళకు సాయం చేయండి." మా ఇంటి అన్న మాట వద్దే అన్నాను. "పక్కింటి జబ్బు అని రాయాలా అమ్మా?" అంది. ఆ మాట అలాగే ఉండిపోయింది.

ఇంకొక సంగతి మా అమ్మాయికీ నాకూ మాత్రమే తెలుసు. పెనుకొండ దగ్గర ఒక ఊళ్ళో నా చెల్లెలుంది. దానిదీ సొంతంలో పెళ్ళే. దాని పెద్దకూతుర్ని మా తమ్ముడికి, అంటే ఆ పిల్ల మేనమామకే, ఇవ్వాలని నిశ్చయమైంది. పెళ్ళి మరుసటి నెలలో. ముందు ఇద్దరి రక్తం పరీక్ష చేయిద్దామే అని ఫోనులో ఎన్నిసార్లు మొత్తుకున్నా చెల్లెలు ఫోను పెట్టేసేది. ఆ పెళ్ళి ఆపాలి. హైదరాబాదు సంగతి ఎలా ఉన్నా, నేను బయలుదేరింది ముఖ్యంగా దానికే.

బండి ఒకసారి చార్జీకి యాభై కిలోమీటర్లు పోయేది. తర్వాత ఎవరింట్లోనో ఆరేడు గంటలు తీగ తగిలించుకుని కూర్చోవాలి. మొదటి మజిలీ దేవనహళ్ళిలో మా పిన్నమ్మ ఇల్లు. గుమ్మం ముందు బండి ఆపగానే ఆవిడ కళ్ళద్దాలు పెట్టుకుని బోర్డు చదివింది. చదివి, రెండు పక్కలా వీధి చూసింది.

"ఏమే, మా ఇంట్లో ఇంకా ఇద్దరు ఆడబిడ్డలు పెండ్లికి ఉండారు. కరెంటు ఎంతైనా తీసుకో, కూడు తిను, పడుకో. ఆ పలక మాత్రం స్వల్ప గోడ పక్కకు తిప్పే."

నాకు ఒళ్ళు మండింది. కానీ బ్యాటరీ అయిపోయింది. నా చేతులతో నేనే బోర్డు విప్పి, అక్షరాలు గోడకు పెట్టి నిలబెట్టాను. సాయంత్రం అమ్మాయి ఫోను చేసి "బోర్డు చూసినారా అమ్మా?" అంది. "ఓ, చూసినారే! వీధంతా చూసింది" అన్నాను.

మరునాడు బోర్డు మళ్ళీ కట్టుకుని బయలుదేరాక దారి వేరే లోకంలా అనిపించింది. మంచులో ద్రాక్ష తోటలు, వాటి మీద నీళ్ళలా పారే తెల్లటి వెలుగు, దూరంగా నిద్రలో ఉన్న రాతి కొండలు. నేను పోతున్నానా, అవే వస్తున్నాయా తెలిసేది కాదు. చప్పుడు లేని బండి కదా, రోడ్డు పక్క కొంగలు కూడా లేచేవి కావు. చిక్కబళ్ళాపురం దాటాక ఎత్తు వస్తే దిగి, బండిని గేదెలా నడిపించుకుంటూ, దానితో మాట్లాడుతూ పోయాను. ఒక్కోచోట అమ్మాయి వెనక కూర్చుని ఉన్నట్టే ఉండేది. "గట్టిగా పట్టుకో" అని పైకే అనేశాను ఒకసారి.

ఎదురొచ్చిన జనం బండికి కట్టిన స్టీలు డబ్బా చూసి, చదవకుండానే, చిల్లర కళ్ళకద్దుకుని వేసేవారు. "ఏ దేవుడమ్మా?" అనేవారు. దేవుడు కాదు, జబ్బు అని చెబితే, "అయ్యో తల్లీ" అని మళ్ళీ ఇంకొంచెం వేసేవారు. వాళ్ళెవరూ బోర్డు తిప్పమనలేదు. ఒక పంక్చరు అంగడి ముసలాయన మధ్యాహ్నం చార్జీ పెట్టుకోనిచ్చాడు. అంతలో కరెంటు పోయింది. "వస్తాది లేమ్మా, యాడికి పోతాది? సుమ్మనే పడుకో" అని గోనె సంచులు పరిచాడు. రబ్బరు వాసనలో నిద్రపోయాను. కలలో మా అమ్మాయి ఆ రోడ్డు మీదే నాకంటే ముందు నడుస్తోంది. వెనక్కి తిరిగి చూడదు. మెల్లగా పోవే, మెల్లగా అని నేను అరుస్తున్నాను. ఆ పిల్లను మెల్లగా పొమ్మనడం ఎంత సుఖంగా ఉందో! లేచేసరికి కరెంటు వచ్చి చాలాసేపయింది. ముసలాయన నన్ను లేపలేదు.

ఆ రాత్రి బాగేపల్లిలో ఉండి, మూడో రోజు పదింటికి చెల్లెలి ఊరు చేరాను. చెల్లెలు పరుగున వచ్చింది, నన్ను కాదు, ముందు బండిని చూసింది. లోపలికి పోయి దుప్పటి తెచ్చి బోర్డు మీద కప్పింది. తర్వాత కౌగిలించుకుని ఏడ్చింది. వరండాలో ప్లగ్గు చూపించింది. పెళ్ళికూతురు పక్కూరికి జాకెట్లు కుట్టించుకోవడానికి పోయిందట.

సంగటి, వేరుశనగ పప్పులు నూరిన ఊరిబిండి పెట్టింది. పదేళ్ళ చిన్నకూతురు మాత్రం మాతో కూర్చోలేదు. వంటింట్లో ఒక మూల, తలుపు వెనక తింటోంది. "దానికి సిగ్గు" అంది చెల్లెలు. నీళ్ళ కోసం నేను లేచి లోపలికి పోయేసరికి ఆ పిల్ల తిని లేస్తోంది. ముందు ఒంగి రెండు చేతులూ నేల మీద ఆనించింది. తర్వాత మోకాళ్ళ మీద. తర్వాత తొడల మీద. తన ఒంటినే తాను నిచ్చెనలా ఎక్కి నిలబడింది.

మా అమ్మాయి ఆ వయసులో ప్రతి పూటా ఇలాగే లేచేది. సోమరిపోతా అని తిట్టేదాన్ని. ఆ తిట్టు తలుచుకుంటే ఇప్పటికీ నా నాలుక కోసుకోవాలనిపిస్తుంది.

"ఏమే, ఇది ఎప్పట్నుంచి?" అన్నాను.

"ఏది? కాళ్ళు తిమ్మిరెక్కినాయి దానికి."

"తిమ్మిరి కాదే! అదే జబ్బే! నాకు తెలీదా? ఇది చూసి కూడా పెద్దదాన్ని తమ్ముడికి ఇస్తావా?"

"నోరు మూయక్కా! నీ ఇంటి పీడ నా ఇంటికి తెచ్చి అంటిస్తావా?"

"నేను తేవాలా? నీ వంటింట్లో కూచోని ఉండాది!"

చెల్లెలు వరండాలోకి పోయి ప్లగ్గు పీకేసింది. "తీసుకోని పో నీ బండిని" అంది. నేను మాత్రం తక్కువ తిన్నానా? చెయ్యి కూడా కడుక్కోకుండా బయలుదేరాను. అరగంట చార్జీ బండి అది. వేరుశనగ చేలు దాటగానే పచ్చ దీపం ఆరిపోయింది. కల్వర్టు మీద కూర్చున్నాను. ఎండ, గాలి, చేల మీద మేఘాల నీడలు పోతున్నాయి. చెడగొట్టాను అనుకున్నాను. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు, నా నోటితో ఇద్దరు బిడ్డల బతుకు చెడగొట్టాను. వెక్కి వెక్కి ఏడ్చాను.

చాలాసేపటికి చెల్లెలు నడుచుకుంటూ వచ్చింది, నీళ్ళ సీసా పట్టుకుని. నా చెయ్యి తానే కడిగింది. పక్కన కూర్చుంది.

"అక్కా, నువ్వు ఈ పొద్దు చూసింది నేను రెండేండ్ల కింద చూసినా."

తడి చెయ్యి చెంగుకు తుడుచుకుని దాని వైపు తిరిగాను.

"ఎవురికీ కనపడకుండా లేయమని నేనే నేర్పిచ్చినా దానికి. వంటింట్లో తినమన్నా. బడిలో అందరూ పోయినాక లేయమన్నా. నీకు చెప్తే నిజమైపోతాదని భయపడితినక్కా."

దేవనహళ్ళిలో నా చేతులతో నేను చేసిన పని చెప్పాను. చెల్లెలు నా భుజం మీద తల పెట్టింది. "పెద్దదానికి కూడా ఉంటాదా?" అంది. "తెలీదే. రక్తం చూస్తే తెలుస్తాది" అన్నాను. ఇద్దరం బండిని తోసుకుంటూ ఊళ్ళోకి వచ్చాం. అలా తోస్తుండగా బోర్డు మీది దుప్పటి ఎక్కడో జారిపోయింది. ఎవరూ వెనక్కి పోయి తెచ్చుకోలేదు.

ఆ బండి తర్వాత హైదరాబాదు చేరింది, డబ్బా డాక్టరుకు చేరింది, మందు ఇంకా రాలేదు. కానీ నేను చెప్పదలచుకున్నది ఆ సాయంత్రం గురించి. పెళ్ళికూతురు వచ్చాక ఆ పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని చెల్లెలు తమ్ముడికి ఫోను చేసింది. "పెండ్లి నిలిపినాను. అక్క చెప్పిందని కాదు. నా కండ్లతో చూసినానని" అంది. అవతల వాడు అరుస్తున్నాడు. పెళ్ళికూతురు తలవంచుకుంది. చెల్లెలు ఫోను పెట్టేసి అందరికీ ఒకే వరుసలో కంచాలు పెట్టింది, చిన్నదాన్ని మధ్యలో కూర్చోబెట్టింది. తిన్నాక ఆ పిల్ల అలవాటుగా మేమందరం లేచిపోవాలని కంచంలో వేలితో గీతలు గీస్తూ ఎదురుచూసింది. ఎవరూ లేవలేదు. చెల్లెలు దాని ముందుకొచ్చి రెండు చేతులూ చాచి, "పట్టుకోని లెయ్" అంది. పిల్ల వాళ్ళమ్మ ముఖం కేసి చూసి, "అందరూ చూస్తా ఉండారమ్మా" అంది.

"చూడనీ" అంది చెల్లెలు.