ఒకింట్లో ఇద్దరు అనసూయలు

మనిషికి ఇల్లూ పొలమూ లేకపోతే లేకపోయె, పేరైనా సొంతమే కదా అనుకుంటాం. అబ్బే, దాన్నీ లాక్కునే మహాతల్లులుంటారు. నూజివీడు బజారులో మామిడికాయల వ్యాపారం చేసే పాండురంగారావుగారి తల్లి అలాంటి మనిషి. ఆవిడ లాక్కున్నది తమ కొట్లో కాయలు ఏరే కూలిమనిషి పేరు. ఆ కూలిమనిషి అసలు పేరు అనసూయ.

కూలివాళ్ళ పిల్లకి అంత పేరెలా వచ్చిందని అప్పుడే మొహం చిట్లించకండి. వాళ్ళ నాన్న యలమంద విస్సన్నపేట దగ్గర ఒక శాస్త్రిగారి మామిడితోటకి కాపలా ఉండేవాడు. కూతురు పుట్టిన ఏడు తోట విరగ్గాసింది. శాస్త్రిగారు సంబరపడిపోయి "ఏం కావాలో అడగరా" అన్నాడు. ఇంకొకడైతే పంచెలచాపు అడిగేవాడు, లేదా ఒక బస్తా గింజలు అడిగేవాడు. యలమంద మాత్రం తలపాగా తీసి చేత్తో పట్టుకుని, "మా పిల్లకి మీ దేవభాషలో ఓ మంచి పేరు చెప్పండి బాబూ" అన్నాడు.

శాస్త్రిగారు కాసేపు కళ్ళు మూసుకున్నాడు. "అనసూయ అని పెట్టు. అసూయ లేనిది అని దాని అర్థం. ఒకళ్ళ బాగు చూసి ఏడవని మనిషన్నమాట" అన్నాడు. యలమంద ఆ పేరు ఎక్కడ మర్చిపోతానో అని దారి పొడుగునా గొణుక్కుంటూ ఇంటికి చేరాడు. తన పేరు కోటప్పకొండ మొక్కు పేరు. పెళ్ళానిది గ్రామదేవత పేరు. వాటికి అర్థం ఎవరూ అడగలేదు, ఎవరూ చెప్పలేదు. కూతురి పేరుకి మాత్రం అర్థం ఉంది! కనపడ్డవాడినల్లా ఆపి, "మా అనసూయంటే ఏంటనుకున్నావు? కడుపులో కుళ్ళు లేనిదని!" అని చెప్పుకునేవాడు. వినీ వినీ ఊరంతా విసిగిపోయింది.

ఆ పిల్ల పెరిగి నూజివీడులో బుట్టలు మోసే సాంబయ్యని చేసుకుని పాండురంగారావుగారి కొట్లో పనికి కుదిరింది. కాయలు ఏరడం, గడ్డి పరిచి మాగబెట్టడం, వాటితోపాటు ఇంట్లో భోజనాలయ్యాక ఎంగిలాకులు తీసి పారెయ్యడం ఆమె పని. మొదటిరోజు పాండురంగారావుగారి తల్లి, అందరూ పెద్దమ్మగారనే ఆవిడ, వసారాలో పీట మీద కూర్చుని, వక్క నములుతూ, కొత్తమనిషిని కిందినుంచి పైదాకా చూసింది.

"నీ పేరేంటే?"

"అనసూయండి."

పెద్దమ్మగారి నమలడం ఆగిపోయింది. లోపల గుమాస్తా దగ్గాడు. ఎందుకంటే ఆవిడ పేరూ అదే. పుట్టినప్పుడు పురోహితుణ్ణి పిలిపించి, పళ్ళెంలో బియ్యం పోసి, బంగారపుటుంగరంతో రాయించిన పేరు.

"ఎవరే నీకా పేరు పెట్టింది?"

"మా నాన్నండి. శాస్త్రిగార్ని అడిగి పెట్టాడండి."

"అడిగేవాడికి లేకపోతే చెప్పేవాడికైనా ఉండొద్దూ బుద్ధి! ఒకింట్లో ఇద్దరు అనసూయలు ఎక్కడన్నా ఉంటారా? మా వదిన వచ్చి అనసూయా అంటే నేను పలకాలా, నువ్వు పలుకుతావా? ఇవాళ్టినుంచి నువ్వు పుల్లివి. ఎంగిలాకులు తీసేదానికి ఆ పేరు చాలు."

తిని పారేసిన విస్తరిని పుల్లాకు అంటారు. పిల్లలు పుట్టి పోతున్న ఇళ్ళలో, చావు కన్ను పడకుండా బిడ్డని ఎంగిలాకుల్లో దొర్లించి పుల్లయ్య, పుల్లమ్మ అని పెట్టుకుంటారు. అది గతిలేక పెట్టుకునే పేరు. నిక్షేపంలాంటి మనిషికి ఎవరూ పెట్టరు. ఈవిడ పెట్టింది. గుమాస్తా పుల్లీ అన్నాడు, కాటాదగ్గర మనిషి పుల్లీ అన్నాడు. చివరికి మొగుడు సాంబయ్య కూడా అలవాటులో "పుల్లీ, అన్నం పెట్టు" అన్నాడు. గరిటె వాడి చెవి పక్కనుంచి వెళ్ళి గోడకి తగిలింది. మళ్ళీ అనలేదు.

అంతవరకైతే ఆమె దిగమింగేదేమో. కానీ ఒక ఎండాకాలం యలమంద కూతుర్ని చూడాలని మునక్కాడల కట్ట భుజాన వేసుకుని నడిచొచ్చాడు. వాకిట్లో నిలబడి, "అనసూయ ఉందాండి?" అన్నాడు.

"నేనేరా అనసూయని. ఏం పని?" అంది పెద్దమ్మగారు.

ముసలాడు బిత్తరపోయాడు. "మా అమ్మాయండి, కాయలు ఏరుతుంది..."

"ఓహో, పుల్లి తండ్రివా! లోపలుంది, పిలుచుకో. ఏదీ, పుల్లీ అని పిలువు. ఇంకో పేరు పిలిస్తే ఈ ఇంట్లో పలికేది నేనే."

యలమంద అటూ ఇటూ చూశాడు. బజారులో పోయేవాళ్ళు ఆగారు. లోపల గడ్డిలో కూర్చున్న అనసూయకి ఇదంతా వినపడుతూనే ఉంది. లేవబోయి, నాన్న ఏమంటాడో అని అలాగే ఉండిపోయింది. ఆయన గొంతు సవరించుకున్నాడు. "పుల్లీ" అన్నాడు. సగం మాట నోట్లోనే ఉండిపోయింది. పెద్దమ్మగారు పకపకా నవ్వింది.

అనసూయ తలలో గడ్డిపోచలతో బయటికొచ్చింది. నాన్న ఆమె కళ్ళల్లోకి చూడలేదు. మునక్కాడలు చేతిలో పెట్టి, "పేరు నేను మర్చిపోలేదమ్మా. నోటికి రానిచ్చారు కాదు" అన్నాడు. వచ్చినదారినే వెళ్ళిపోయాడు. ఆ వానాకాలం జ్వరంతో పోయాడు. ఆ మాట వల్లే పోయాడని నేననను. అనసూయ అంది. చితి ఆరకముందే అంది.

"ఆ వాకిట్లోనే, బజారంతా వినేలాగ, అది నన్ను అనసూయా అని పిలవాలి. తన నోటితో తను పుల్లినని చెప్పుకోవాలి. అది కళ్ళారా చూడకపోతే నేను యలమంద కూతుర్నే కాదు."

అసూయ లేనిదట! పాపం శాస్త్రిగారు. పేరు పెట్టినంత తేలికా, పేరుకి తగినట్టు బతకడం? మైలవరంలో పిన్ని ఉంది, అక్కడ పని చూపిస్తాను రమ్మంది. అనసూయ వెళ్ళలేదు. పగ పట్టినవాళ్ళు గుమ్మం వదిలిపోతారా?

ఏళ్ళు గడిచాయి. ఈలోగా ఆమె ఊరికే కూర్చోలేదు. పాండురంగారావుగారి తోటలో ఎవరూ నాటకుండా మొలిచిన నాటుచెట్టు ఒకటుంది. కాయ చూడ్డానికి ఎర్రగా, నిగనిగలాడుతూ ఉంటుంది. కొరికితే పుల్లటి పీచు, పళ్ళు జివ్వుమంటాయి. దానికి పెద్దమ్మగారి చెట్టు అని పేరు పెట్టింది. కూలీలంతా అదే పేరు అందుకున్నారు. ఒకసారి పాండురంగారావుగారే, సంగతి తెలియక, "పెద్దమ్మగారి చెట్టు కాయ ఎవరూ కొనట్లేదేంట్రా" అని కేకేశాడు. తోట తోటంతా విరగబడి నవ్వింది. కానీ ఇవన్నీ పిల్లచేష్టలు. వాటితో ఆమె కడుపుమంట చల్లారలేదు.

ఇక ఆ ఇంటి సంగతి. కోడలు విజయలక్ష్మి మంచి పిల్ల. పుట్టిన బిడ్డ పుట్టినట్టే పోతుంటే కుంగిపోయింది. ప్రతిసారీ పెద్దమ్మగారే పండితుల్ని పిలిపించి, చావుని తరిమేసే పేరు వెతికి పెట్టించేది. మొదటివాడు చిరంజీవి. బాలసారె పందిరి విప్పకముందే పోయాడు. తర్వాతివాడు మృత్యుంజయుడు. వాడిని మృత్యువే జయించింది. ఆ పైన ఆడపిల్ల, అమృతవల్లి. పాలపళ్ళైనా రాలేదు. పేరు గొప్ప ఊరు దిబ్బ అని బజారులో వెనకాల అనుకునేవాళ్ళు. అనసూయ ఆ మాట అనలేదు. పిల్లలు పోయిన ఇంటిమీద అనడానికి ఆమెకీ నోరు రాలేదు.

స్వరాజ్యం వచ్చిన మరుసటి వేసవిలో మళ్ళీ మగపిల్లాడు పుట్టాడు. పురిటిరోజులు కాకుండానే ఒళ్ళు పెనంలా కాలడం మొదలుపెట్టింది. పాలు తాగడం లేదు. మంత్రసాని కనకమ్మ చూసి తల అడ్డంగా ఊపింది. "ఇక సంస్కృతం పేర్లు చాలండి. బిడ్డని ఎంగిలాకుల్లో పెట్టి అమ్మేసెయ్యండి. కన్న పిల్లలందరూ దక్కిన కూలితల్లి సోలెడు తవుడిచ్చి కొనుక్కుని పేరు పెట్టాలి. పరాయిబిడ్డ అనుకుని మృత్యువు వెళ్ళిపోతుంది" అంది.

కొట్లో పనిచేసేవాళ్ళలో అలాంటి తల్లి ఒక్కతే. కన్న పిల్లలంతా గుండ్రాళ్ళలా తిరుగుతున్నారు.

కబురొచ్చేసరికి అనసూయ గడ్డి పరుస్తోంది. వసారాలో పెద్దమ్మగారు వక్క లేకుండా, వాచిన కళ్ళతో కూర్చుని ఉంది. "నా మనవణ్ణి కొనుక్కోవే. నీ కాళ్ళు పట్టుకోమన్నా పట్టుకుంటాను" అంది.

చచ్చినా కొనననే మాట అనసూయ నాలుక చివరిదాకా వచ్చింది. అబద్ధమెందుకు, అనాలనే అనుకుంది. తలుపు చాటున విజయలక్ష్మి రెండు చేతులూ జోడించి నిలబడి ఉంది. ఆ పిల్లమీద ఏం పగ ఉందని? "సరేనండి" అంది. అన్నాక నాన్న గొంతు చెవిలో పడింది, ఆ సగం మాట.

వీధివాకిట్లో చెత్తకుప్ప పక్కన ఎంగిలాకులు పరిచారు. పసివాణ్ణి వాటిమీద పడుకోబెట్టారు. బజారు బజారంతా పోగైంది. అనసూయ తవుడు సోలతో ఇవతల నిలబడింది. పెద్దమ్మగారు గుమ్మంలో నిలబడింది. ఇంటికి పెద్దదిక్కే అమ్మాలి మరి.

"ఎవరు అమ్ముతున్నారో, ఎవరికి అమ్ముతున్నారో గట్టిగా చెప్పండి. గుమ్మంలో కాచుక్కూర్చున్నదానికి వినపడాలి" అంది కనకమ్మ.

"అనసూయని నేను. నా మనవణ్ణి పుల్లికి అమ్ముతున్నాను."

అనసూయ కదల్లేదు. "పుల్లి ఎవరండి?" అంది.

"ఏంటే ఆ మాటలు, పిల్లాడు కాలిపోతుంటే!" అని కసిరింది కనకమ్మ.

"నా పేరు పుల్లి కాదు కనకమ్మత్తా. అది అమ్మగారు పెట్టింది. మా నాన్న నాకు పెట్టిన పేరు అనసూయ. పుల్లికి అమ్మిన బిడ్డని నేనెత్తుకుంటే దొంగతనమవదూ?"

కనకమ్మ బుగ్గ నొక్కుకుంది. "నిజమే సుమా! కొనేదాన్ని కన్నవాళ్ళు పెట్టిన పేరుతోనే పిలవాలి. మారుపేరుతో అమ్మిన బిడ్డ నిలవడు."

పెద్దమ్మగారు ఆకుల్లోని బిడ్డవైపు చూసింది. "సరే. అనసూయనైన నేను, అనసూయకి..."

"అయ్యో రాత! అదెలా కుదురుతుందండీ?" అంది కనకమ్మ. "అనసూయ అనసూయకి అమ్మిందంటే బిడ్డ ఆ ఇంట్లోనే ఉన్నాడని మృత్యువు అనుకోదూ? మీ ఇద్దరిలో ఒకళ్ళు పేరు వదులుకోవాలి. కొనేది వదులుకోకూడదు. అమ్మేవాళ్ళు ఎంత తక్కువ పేరు చెప్పుకుంటే బిడ్డకి అంత మంచిది."

అనసూయ నింపాదిగా అంది: "ఒకింట్లో ఇద్దరు అనసూయలు ఎక్కడన్నా ఉంటారాండి? అమ్మగారే అన్నారు. పుల్లి అనే పేరు ఖాళీగానే ఉంది. ఇన్నాళ్ళూ నేను మోశాను. తీసుకోండి."

ఎవరో కిసుక్కున నవ్వారు. పాండురంగారావుగారు కోపంగా ముందుకొచ్చి, తల్లి మొహం చూసి ఆగిపోయాడు. ఆకుల్లో పసివాడు పిల్లికూన అరిచినట్టు సన్నగా ఏడ్చాడు.

"పుల్లిని..." అంది పెద్దమ్మగారు.

"వినపళ్ళేదండి" అంది అనసూయ.

"పుల్లిని! నేను పుల్లిని! అనసూయా, నా మనవణ్ణి నీకు అమ్మేశాను. తీసుకో తల్లీ!"

ఆ కేక బజారు చివరిదాకా వినపడింది. అనసూయ తవుడు ఆవిడ కొంగులో పోసి, వంగి బిడ్డని ఎత్తుకుంది. ఒళ్ళు కాలిపోతోంది. గుండెకి ఆనించుకుంటే చిన్న గుండె దడదడా కొట్టుకుంటోంది. బిడ్డ మీద ఆమెకి కోపం రాలేదు. పుల్లయ్య అంటుందని అందరూ ఎదురుచూస్తున్నారు. ఆమె బిడ్డ చెవి దగ్గర నోరు పెట్టి, తర్వాత అందరికీ వినపడేలా "యలమందా" అంది. అక్కడే, ఆ వాకిట్లోనే, నాన్న నిలబడ్డ చోటే. ఏడుపొస్తుందనుకుంది. రాలేదు. మనసు చల్లగా, ఎన్నాళ్ళకో నిండుగా ఉంది.

కనకమ్మ కషాయం పనిచేసిందో, విజయలక్ష్మి అదృష్టమో, వాడు బతికాడు. పుట్టువెంట్రుకలు తీయించేదాకా ఎవరూ పెద్దమ్మగారి పాత పేరు ఎత్తకూడదని కనకమ్మ కట్టడి చేసింది. మృత్యువుకి మోసం తెలిస్తే తిరిగొస్తుందట. అంతే, పెద్దమ్మగారు పుల్లమ్మగారైంది. బజారు పుల్లమ్మగారంది, వదిన పుల్లమ్మంది. గుళ్ళో అర్చన చేయించినా పూజారి పుల్లమ్మనామధేయవత్యాః అన్నాడు. చుట్టాలు నవ్వాపుకోలేక చచ్చేవాళ్ళు. కొట్లో అందరూ అనసూయని అనసూయ అనే పిలిచారు.

మరుసటి ఏడు కాయలు దిగేనాటికి యలమంద గడ్డిలో తప్పటడుగులు వేస్తున్నాడు. ఒక మధ్యాహ్నం కొట్లో ఎవరూ లేరు. పెద్దమ్మగారు పీట జరుపుకుని దగ్గరికొచ్చింది. మనిషి బాగా తగ్గిపోయింది.

"అనసూయా."

"ఏంటండి?"

"ఎవరూ లేరు కదే. ఒక్కసారి నన్ను నా పేరుతో పిలవవే. మా అమ్మ పెట్టుకున్న పేరు. ఏడాదైంది విని. నిద్రలో కూడా ఎవరో పుల్లీ అని పిలుస్తున్నట్టే ఉంటుంది."

అనసూయ చేతిలో కాయ కింద పెట్టింది. ఆ ముసలి కళ్ళల్లో నీళ్ళు చూసింది. ఆ బాధ ఏంటో ఆమెకంటే బాగా ఎవరికి తెలుసు? ఏళ్ళ తరబడి తనూ అలాగే నిద్రలేచింది. అసూయ లేనిది అని శాస్త్రిగారన్న మాట ఎక్కడో కదిలింది. వంగి ఆవిడ చెవి దగ్గరికి మొహం తెచ్చింది. ముసలావిడ కళ్ళు మూసుకుని, చిన్నపిల్లలా మొహం ఎత్తింది.

"పిల్లాడు ఇక్కడే ఉన్నాడు కదండీ. వినేది వింటుంది. మనకెందుకొచ్చిన గొడవ, పుల్లమ్మగారూ."

ముసలావిడ చాలాసేపు కళ్ళు తెరవలేదు. ఈలోగా పిల్లాడు తడబడుతూ గుమ్మం దాటి వీధిలోకి పోతున్నాడు. ఆవిడ ఉలిక్కిపడి లేచింది. వాకిట్లోకి వెళ్ళి, బజారంతా వినపడేలా పిలిచింది.

"యలమందా! ఎండలో తిరక్కు నాన్నా, ఇంట్లోకి రా. యలమందా!"

అనసూయ ఇంకో కాయ తీసుకుంది. ఏరడం మానేసి, ఆ పిలుపు ఆగేదాకా వింటూ కూర్చుంది.