అత్తయ్యకి నేను చెప్పిన పెళ్లిళ్లు

మా చిన్నప్పుడు... ఏ పెళ్లికి వెళ్లొచ్చినా, ఇంకా చెప్పులు విప్పకముందే వెనక వసారాలోంచి పిలుపు వచ్చేది.

"ఇటు రావే... మొదట్నించీ చెప్పు. ఎవర్నీ వదలకు."

మా రాజ్యం అత్తయ్య. నాన్నగారి అక్క. పెళ్లయిన మూడేళ్లకే మావయ్యగారు పోతే పెదపాడులో మా ఇంటికి వచ్చేసింది. శుభకార్యాలకి ఆవిడ రాకూడదట. ఎవరన్నారు అంటే ఎవరూ చెప్పరు. పెళ్లికి కావలసిన సున్నుండలు మాత్రం ఆవిడే చుట్టాలి, అప్పడాలు ఆవిడే ఒత్తాలి. ఆవిడ చేసిన సున్నుండలు పెళ్లికి వెళ్లొచ్చు... ఆవిడ వెళ్లకూడదు.

అందుకని కైకలూరులో పెళ్లయినా, గూడెంలో పెళ్లయినా అత్తయ్య తరఫున చూసి రావలసింది నేనే. నాకు అప్పుడు పదేళ్లు.

చేటలో బియ్యం ఏరుకుంటూ వినేది. ఉన్నట్టుండి ఆపేది.

"మాకేం పట్టింపుల్లేవండీ, అన్నారు అత్తయ్యా పెళ్లికొడుకు నాన్నగారు..."

"అలా అన్నప్పుడు ఆయన చేతులేం చేస్తున్నాయే?"

కళ్లు మూసుకుని గుర్తు తెచ్చుకునేదాన్ని. పళ్లెంలో పెట్టిన బట్టలు తిరగేసి అంచు చూస్తున్నాయి! అత్తయ్య పడీ పడీ నవ్వేది. "నోటిదేముందే... నేర్పితే పలుకుతుంది. నువ్వు చేతులు చూడు" అనేది.

ఇక అప్పట్నించి చేతులే చూసేదాన్ని. బూరెలు వడ్డించే మేనమామ తన వాళ్ల ఆకుల్లో రెండు, మిగతావాళ్ల ఆకుల్లో ఒకటి వేయడం... సంతోషంగా ఉన్నానన్న పెళ్లికూతురు గోళ్లు కొరుక్కోవడం... అన్నీ పట్టుకొచ్చి అత్తయ్య ముందు పోసేదాన్ని.

అమ్మకి ఇది అస్సలు నచ్చేది కాదు. "ఆడపిల్లకి ఈ చాడీల బుద్ధేంటే?" అని వీపు మీద రెండు తగిలించేది. చుట్టాలు నాకు 'రేడియో' అని పేరు పెట్టారు. నాకున్న ఒక్క విద్యనీ అందరూ కలిసి దుర్గుణమని తేల్చేశారు. నేనూ నమ్మేశాను.

నల్లజర్లలో మా బాబాయి కూతురు పద్మక్క పెళ్లి... అది మాత్రం మిగతా పెళ్లిళ్లలాంటిది కాదు. పిన్నికి ఒంట్లో బాగుండక, పద్మక్కని అయిదేళ్లు వచ్చేదాకా మా ఇంట్లో అత్తయ్యే పెంచింది. అత్తయ్య కొంగు చివర వేలికి చుట్టుకుంటే తప్ప నిద్రపోయేది కాదట. ఆ పెళ్లికైనా రమ్మంటారేమోనని అత్తయ్య ఒక చీర ఉతికి, మడత పెట్టి ఉంచుకుంది. ఎవరూ రమ్మనలేదు.

నేను వెళ్లొచ్చాను. ఆ రోజు అత్తయ్య చేట ముట్టుకోలేదు. పందిరి చెప్పాను, పనసపొట్టు కూర చెప్పాను, తలంబ్రాలు చెప్పాను... మధ్యలో ఒక్కసారి కూడా ఆపలేదు. అంతా అయ్యాక, మెల్లగా అడిగింది.

"నన్నెవరైనా అడిగారా?"

ఎవరూ అడగలేదు. ఒక్కరంటే ఒక్కరు కూడా. సున్నుండలు బాగున్నాయన్నారు. ఎవరు చేశారో కూడా అడగలేదు.

"పద్మక్క అడిగింది అత్తయ్యా... రాజ్యం అత్తయ్య ఏదీ అని ఏడ్చింది."

అత్తయ్య నా మొహంలోకి చూసింది. "అప్పుడు దాని చేతులేం చేస్తున్నాయే?"

నా దగ్గర జవాబు లేదు.

"పోన్లే... వెళ్లి అన్నం తిను" అంది. ఆ తర్వాత నేనెన్ని పెళ్లిళ్లు చూసొచ్చినా, చెప్పమని మళ్లీ అడగలేదు.

పెద్దయ్యాక ఏలూరులో ఉంటూ కథలు రాయడం మొదలుపెట్టాను. ఒక సభలో ఓ పెద్దాయన నా కథ విని, "ఇవి వంటింటి కబుర్లమ్మా... కథంటే ఇది కాదు" అన్నారు. ఆ మాట పట్టుకుని, నాకే అర్థం కాని బరువైన మాటలు పోగేసి ఏళ్ల తరబడి రాశాను. అన్నీ తిరిగొచ్చాయి. నిరుడు గూడెంలో కథల శిబిరానికి వెళ్తే, తలా ఒక కాగితం ఇచ్చి, మీకు ఏది బాగా వచ్చో రాయండి అన్నారు. పక్కనున్న అమ్మాయి చకచకా నాలుగు రాసింది. ఏభై ఏళ్ల దాన్ని, నేను ఖాళీ కాగితం ఇచ్చి వచ్చాను.

తిరుగు బస్సులో ఎదుటి సీట్లో ఒకావిడ ఫోన్లో మాట్లాడుతోంది. "మేం బాగానే ఉన్నాం, నువ్వేం బెంగ పెట్టుకోకు" అంటోంది. రెండో చెయ్యి మాత్రం ఒళ్లోని సంచీ తాడుని మెలిపెడుతోంది... పోగులు ఊడిపోయేటట్టు. బస్సులో అంతమంది ఉన్నారు. చూసింది నేనొక్కదాన్నే.

ఆ కాగితం మీద ఏం రాయాలో అప్పుడు తెలిసింది. ఏడుపొచ్చింది, కోపమొచ్చింది. నాకు పదేళ్లప్పుడే అత్తయ్య చేతిలో పెట్టిన దాన్ని, ఎవరో ఏదో అన్నారని నలభై ఏళ్లు అటక మీద పడేశానే అని...

ఇప్పుడు అలాగే రాస్తున్నాను. పత్రికలు వేస్తున్నాయి. కళ్లకు కట్టినట్టు ఉందండీ, అంటున్నారు. ఆ చుట్టాలే, "మా రేడియో చిన్నప్పట్నించీ అంతేనండీ" అని గొప్పగా చెప్పుకుంటున్నారు!

అత్తయ్య పోయి పన్నెండేళ్లయింది. మొన్న మా బంధువుల పెళ్లి ఫోన్లో లైవ్ ఇచ్చారు. రాలేనివాళ్లు ఇంట్లో కూర్చునే చూసుకున్నారు. వెళ్లొచ్చి చెప్పేవాళ్లతో ఇప్పుడెవరికీ పని లేదు. కెమెరా మాత్రం అంతసేపూ మొహాలే చూపించింది.

ఆ రోజు లేని జవాబు ఇప్పుడు నా దగ్గరుంది. "పద్మక్క కొత్త చీర కొంగు చివర వేలికి చుట్టుకుంటోంది అత్తయ్యా..." అంటే చాలు, ఆవిడ నమ్మేది. అత్తయ్య నమ్మే అబద్ధం ఒక్కటి చెప్పడానికి నాకు నలభై ఏళ్లు పట్టింది.

మీ కబుర్లు మొట్టమొదట కూర్చుని విన్నదెవరండీ? ఆ మనిషి ఇంకా ఉంటే... ఇక్కడ కామెంట్ పెట్టే ముందు, వెళ్లి వాళ్లకి ఒక కబురు చెప్పి రండి.