వెనక అద్దం దిగని బండి

ఆ ఏడు మిరపకాయల సీజనంతా నేను కాలుకాలిన పిల్లిలా ఇల్లంతా తిరిగాను. ఇంట్లో కారు కొనాలన్నది ఖాయమైంది. ఏ కంపెనీ అన్నదీ ఖాయమైంది. పేచీ అంతా ఆ కంపెనీ చేసిన రెండు బండ్ల దగ్గరే వచ్చింది. ఒకటి చిన్నది. రెండే తలుపులు, నేలకు కరుచుకున్నట్టు పొట్టిగా, నల్లగా నిగనిగలాడుతూ ఉండేది. కుర్రకారు కోసం చేసిన బండి. రెండోది దానికి అన్నలాంటిది. నాలుగు తలుపులు, వెనక పెద్ద డిక్కీ, ఇంటిల్లిపాదీ కాళ్ళు చాపుకుని కూర్చునేంత చోటు.

నాకు చిన్నదే కావాలి. మా మామగారికి పెద్దదే కావాలి. మా ఆయనకు ఇంట్లో ఎవరూ అరవకుండా ఏదో ఒకటి వస్తే చాలు.

మామగారికి గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ కొట్టు ఉండేది. రైతులు తెచ్చిన కాయల్ని దింపించి, కొనేవాళ్ళకు చూపించి అమ్మిపెట్టే వ్యాపారం. పెద్ద బండి వస్తే దానికి డ్రైవర్ని పెట్టేద్దామని ఆయన ముందే తేల్చేశారు. "నీకెందుకమ్మా ఆ తిప్పలు. వెనక సీట్లో దర్జాగా కూర్చుని బడికి పో. నిన్ను దింపొచ్చాక బండి మన కొట్టు పనికి ఉండిద్ది" అన్నారు. ప్రేమగానే అన్నారు. నాకే ఒళ్ళు మండింది. అదే చిన్నదయితే డ్రైవర్ మాటే రాదు, అంత చిన్న బండికి డ్రైవరేందని యార్డంతా నవ్వుద్ది. తాళం నా చేతికొస్తుంది. నాకు కావలసింది ఆ తాళం.

నేను ప్రత్తిపాడు హైస్కూల్లో లెక్కల టీచర్ని. రోజూ గుంటూరు నుంచి బస్సులో పోయి రావడం. పత్తి రోజుల్లో ఆ రోడ్డు చూడాలి. పక్కలకు పొంగిపోయిన లారీలు ముందు నిదానంగా పోతుంటే వెనక మా బస్సు నత్తనడక నడిచేది. ఒక చేత్తో కడ్డీ, ఇంకో చేత్తో పేపర్ల సంచీ పట్టుకుని, ఎవరి మోచెయ్యో వీపులో గుచ్చుకుంటుంటే నిలబడేదాన్ని. బడిలో పిల్లలు, ఇంట్లో పిల్లలు, వంటింట్లో అత్తగారు. పొద్దున లేచింది మొదలు నేనొక్కదాన్నే ఉండే చోటంటూ లేదు. గుంటూరుకీ ప్రత్తిపాడుకీ మధ్య ఉన్న ఆ కాస్త దారి నాకు ఇచ్చేస్తే చాలనుకునేదాన్ని. ఎవరితోనూ మాట్లాడకుండా, ఎవరి మాటా వినకుండా.

అంతకు ముందు వేసవిలో డ్రైవింగ్ స్కూల్లో చేరి నేర్చుకున్నాను. లైసెన్సూ వచ్చింది. బండే లేదు. అప్పట్నుంచీ నా ఎడమ కాలు ఊరుకునేది కాదు. బోర్డు దగ్గర భిన్నాలు చెబుతున్నా, బియ్యంలో రాళ్ళు ఏరుతున్నా, లేని క్లచ్ కోసం నేలను నొక్కుతూనే ఉండేది. "ఏందే ఆ కాలు ఊపటం, కుదురుగా కూర్చోలేవా" అని అత్తగారు కసిరేవారు. కుదురెక్కడిది నాకు.

షోరూంకి వెళ్ళిన రోజు నేను ఒంటిపూట సెలవు పెట్టాను. మామగారు యార్డులో బేరాలు ముగించుకుని అట్నుంచి అటే వచ్చారు. తెల్ల పంచె, తెల్ల చొక్కా, భుజాన కండువా. యార్డులో ఆయన పైనున్న కాయ వంక చూడరు. పైన ఎప్పుడూ మంచి కాయే పోస్తారు కదా. మోచేతి దాకా సంచీలో చెయ్యి దూర్చి అడుగునున్న కాయ లాగి, తొడిమ తుంచి చూస్తే గానీ నమ్మరు. షోరూంలో అద్దంలా మెరుస్తున్న బండి మీద ఒక దెబ్బ వేసి, "ఇది పైన పోసిన కాయబ్బాయ్. అడుగుదేదో అది చూపించు" అన్నారు. టై కట్టుకున్న సేల్స్ కుర్రాడు బిత్తరపోయాడు. గోడౌన్లో ఉన్న బండి చూపించమంటున్నారని మా ఆయన చెప్పాల్సొచ్చింది.

ముందు చిన్నదే నడిపి చూస్తానని నేను పట్టుబట్టాను. స్టీరింగ్ దగ్గర నేను, పక్కన సేల్స్ కుర్రాడు. ముందు సీటు మడిస్తే గానీ వెనక్కి పోవడానికి దారి లేదు. మామగారు వంగి, మూలిగి, పంచె ఎగదోసుకుని ఎలాగో లోపల పడ్డారు. ఆయన వెనక మా ఆయన. అద్దాలు మూసి, ఏసీ పెట్టి బయల్దేరాం.

బైపాస్ ఎక్కి మూడో గేరు వేశాను. ఆ బండి చెప్పినమాట వింటున్నట్టు పోయింది. ఎంత సంతోషమేసిందో. అప్పుడే మామగారు భుజం మీది కండువా తీసి ఫట్ ఫట్ మని దులిపారు. యార్డు నుంచి వచ్చి ఎక్కడ కూర్చున్నా ఆయన చేసే మొదటి పని అదే. మా వసారాలో అయితే ఎవరికీ తెలిసేది కాదు. మా ఇంట్లో తలగడల్లో కూడా మిరప ధూళే. కానీ గాలి పోయే సందు లేని ఆ బండిలో, ఏసీ ఆ ధూళిని తిప్పితిప్పి అందరి ముక్కుల్లోకీ కొట్టింది.

ముందు సేల్స్ కుర్రాడికి పొలమారింది. తర్వాత మా ఆయనకు. చివరికి పుట్టి బుద్ధెరిగినప్పట్నుంచీ మిరపకాయల్లో బతికిన మామగారు కూడా దగ్గడం మొదలుపెట్టారు.

"వెనక అద్దం దించబ్బాయ్" అన్నారు దగ్గుల మధ్య.

"అది దిగదు సార్. ఈ మోడల్‌కి వెనక ఫిక్సుడ్ గ్లాసు" అన్నాడు వాడు ఏడుస్తూ.

నా కళ్ళు ధారలు కడుతున్నాయి. ఏసీ ఆపి, నా పక్క అద్దం దించాను. సైడ్ మిర్రర్లో చూస్తే వెనకే మిర్చి బస్తాల లారీ తరుముకొస్తోంది. బ్రేకు తొక్కితే మా మీదకే వస్తుంది. సిగ్నల్ వేసి, నిదానంగా ఎడమకు జరిగి, దాన్ని పోనిచ్చి, అప్పుడు రోడ్డు మార్జిన్లోకి దించి హ్యాండ్ బ్రేకు లాగాను. సేల్స్ కుర్రాడు తలుపు తీసుకుని తుమ్మ చెట్ల వైపు పరుగో పరుగు. ముందు సీటు మడిచే మనిషి లేక వెనక ఇద్దరూ ఇరుక్కుపోయారు. నేనే చుట్టూ తిరిగొచ్చి, తడుముకుని సీటు మడిచి, మామగారి చెయ్యి పట్టి బయటికి లాగాను. ఆయన అదే కండువాతో కళ్ళు తుడుచుకోబోయారు.

"దాంతో కాదు మామయ్యగారూ" అని లాక్కుని, నా నీళ్ళ సీసా ఇచ్చాను.

మొహం కడుక్కుని ఆయన చెప్పిన మొదటి మాట "ఈ పెట్టె మనకొద్దు" అని. షోరూంకి తిరిగొచ్చాక పెద్ద బండిని నడపమని కూడా అడగలేదు. అందులో కూర్చుని నాలుగద్దాలూ ఒక్కొక్కటే దించి, ఒక్కోదాంట్లోంచి చెయ్యి బయటపెట్టి చూసుకున్నారు. "ఇది ఖాయం" అన్నారు. అయిపోయింది. ఒక కండువా దులుపుకి నా బండి పోయింది.

ఆ సాయంత్రం కంచాలు పెడుతుంటే చప్పుడు కాస్త ఎక్కువే అయింది. పడగ్గదిలో మా ఆయన నా మొహం చూసి "ఇంకా కారం మంట తగ్గలేదా" అన్నారు. "ఇది కారం కాదండీ" అన్నాను. ఆయనకు అర్థమైంది, కానీ అటు తిరిగి పడుకున్నారు. అది చూసి నాకు ఇంకా చిర్రెత్తుకొచ్చింది.

పెద్ద బండి ఇంటికొచ్చిన రోజు పసుపూ కుంకుమా పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలుంచి, కొబ్బరికాయ కొట్టారు. గేటు దగ్గర ఇస్త్రీ చొక్కాతో డ్రైవర్ నిలబడున్నాడు. నేను వాడి వంక చూడకుండా హారతి పళ్ళెం పట్టుకున్నాను. మామగారు వాణ్ణి పిలిచి, "బండి పోతా ఉంటే కళ్ళల్లో కారం పడిందిరా. ఏం చేస్తావ్?" అని అడిగారు.

"వెంటనే బ్రేకేస్తానండి."

"ఎనక లారీ ఉంటే?"

వాడు బుర్ర గోక్కున్నాడు. మామగారు తాళం తెచ్చి నా పళ్ళెంలో పెట్టారు. "మా అమ్మాయి లారీని పోనిచ్చి మరీ ఆపింది. దగ్గుతానే చూశాగా నేను" అన్నారు. వాణ్ణి కొట్టులో సరుకు తోలే వ్యాను నడపమన్నారు. నేను రెండు చేతులా తాళం అందుకోబోతే, హారతి పళ్ళెం అత్తగారు అందుకోవాల్సొచ్చింది.

మర్నాడు తయారై బయటికొస్తే ముందు సీట్లో మామగారు కూర్చుని ఉన్నారు. "ప్రత్తిపాడు రైతులతో పనుందమ్మా, పద" అన్నారు. ఆ రోజే కాదు, రోజూ. "హారన్ కొట్టు. అదుగో గేదెలు. నిదానం. ఆ సైకిలోణ్ణి చూసుకో." బడి విడిచేసరికి గేటు ముందు ఎండలో నిలబడి ఉండేవారు. తాళమైతే వచ్చింది, దారి మాత్రం రాలేదు. నిజం క్లచ్ కాలి కింద ఉన్నా నా మనసు మునుపటిలాగే కొట్టుకుంటూ ఉండేది. కోప్పడదామంటే ఆయన చేసిన తప్పేంటి.

వేసవి సెలవులు దగ్గర పడ్డాక ఒక పొద్దున ఆయన గేటు బయటే నిలబడి కండువా దులుపుకుంటున్నారు. నా బండి పాడవకూడదని అప్పటికి అది అలవాటు చేసుకున్నారు. అది చూస్తే జాలేసింది, దుఃఖమూ వచ్చింది. ఆయన తలుపు మీద చెయ్యి వేసేసరికి మాట నోట్లోంచి వచ్చేసింది.

"మామయ్యగారూ, నాకు ఒక్కదాన్నే వెళ్ళాలనుంది."

ఆయన చెయ్యి అక్కడే ఆగిపోయింది. కోప్పడతారనుకున్నాను.

"ఇన్నాళ్ళూ చిన్న బండి, చిన్న బండి అన్నావు గానీ ఈ ముక్క అనలేదేందమ్మా" అన్నారు. తలుపు బయట్నుంచే వేసి, గట్టిగా పడిందో లేదో నొక్కి చూశారు. "రైతులెక్కడికీ పోరులే. నువ్వు పోయిరా."

అద్దంలో ఆయన కండువా భుజాన వేసుకుని యార్డు వైపు నడిచిపోవడం కనబడింది. నాలుగద్దాలూ దించుకుని బయల్దేరాను. గాలికి ఆయన సీట్లోని ధూళి లేచి తుమ్ము వచ్చింది. పక్కన ఎవరూ లేరు. దారిలో ఏటుకూరు ఊరు దాటాక గేదెలు అడ్డమొచ్చాయి. హారన్ నేనే కొట్టాను.